చిత్రకారుడికి ఊరే బడి
తోట వైకుంఠం రంగులు మహానంది తిరుణాళ్ళలోనూ వున్నాయి

మహానంది: శివరాత్రి బ్రహ్మోత్సవాలకు మహానంది వచ్చే జనంలో ఎన్ని రంగులుంటాయో లెక్కపెట్టడం కష్టం. కోనేటి మెట్ల మీద తడి కోకలు పిండుకునే ఆడవాళ్ళు, పసుపు రాసిన పాదాలు, కాసంత కుంకుమబొట్లు, విభూతి రేకలు పెట్టుకుని తలగుడ్డ సవరించుకునే రైతులు, గాజుల అంగళ్ళు, బొరుగుల రాశులు, అరటి గెలలు... వెనుక నల్లమల పచ్చటి తెరలా నిలబడినప్పుడు ఇవన్నీ ఒక్కసారిగా కంటికి తగులుతాయి. ఏటా చూసేదే కనుక ఈ ప్రాంతం వారికి ఇందులో వింత కనిపించదు. దేవుణ్ణి చూసి, అంగళ్ళు తిరిగి, ఒక పటం కొనుక్కుని బండి ఎక్కుతారు. ఆ పటం కూడా చాలావరకు ఎక్కడో అచ్చయి ఇక్కడికి వచ్చినదే.

ఇటువంటి రంగులనే, ఇటువంటి మనుషులనే నమ్ముకుని దేశవిదేశాలలో పేరు తెచ్చుకున్న తెలుగు చిత్రకారులలో తోట వైకుంఠం ఒకరు. ఆయన గీసినది రాజులను కాదు, పురాణ పురుషులను కాదు. తన ఊరి ఆడవాళ్ళను, తన ఊరి అయ్యవార్లను, ఆటపాటల వాళ్ళను గీశారు. ఈనాడు పెద్ద నగరాల గ్యాలరీలలో ఆ పల్లెటూరి ముఖం గోడకెక్కి వుందంటే అది చిన్న విషయం కాదు. అయితే ఆయన ఆ ముఖం దగ్గరకు చేరడానికి చాలా దూరం తిరగవలసి వచ్చింది. బొమ్మలు గీయాలన్న సరదా వున్న నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతపు యువతీయువకులు తెలుసుకోదగిన సంగతి అదే.

బూరుగుపల్లి కుర్రవాడు

వైకుంఠం 1942లో అప్పటి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు. అప్పటికింకా నిజాం పాలన. ఊళ్ళో చిత్రకళ అన్న మాట పలికేవారే వుండరు. కాని చూడదగినవి చాలా వుండేవి. పండుగ వచ్చిందంటే ముగ్గులు, పెళ్ళి వచ్చిందంటే పసుపు కుంకుమలు, కోతలు అయ్యాయంటే ఊరూరా తిరిగే నాటక సమాజాలు. ఆ నాటకాలలో ఆడవేషాలు కూడా మగవాళ్ళే కట్టేవారు. ముఖానికి దట్టంగా రంగు, కళ్ళకు కాటుక, నుదుట పెద్ద బొట్టు, ఒంటినిండా నగలు, కుచ్చిళ్ళు సవరించుకుంటూ వయ్యారంగా నిలబడే తీరు... ఇవన్నీ ఆ కుర్రవాడి మనసులో పడిపోయాయి. ఇంట్లో అమ్మ రోజూ ముఖానికి పసుపు రాసుకుని బొట్టు పెట్టుకోవడం కూడా ఆయన మరిచిపోలేదు. తన బొమ్మలకు మూలం ఈ రెండింటిలోనూ వుందని ఆయన పెద్దయిన తరువాత అనేక సందర్భాలలో చెప్పుకున్నారు.

ఆడవేషం కట్టిన మగవాడు ఆడతనాన్ని కొంచెం ఎక్కువ చేసి చూపిస్తాడు. బొట్టు పెద్దది చేస్తాడు, కన్ను పెద్దది చేస్తాడు, నడక మరికొంచెం వంపు తిప్పుతాడు. దీపాల వెలుతురులో దూరాన కూర్చున్న వాడికి కనబడాలంటే అలా చేయక తప్పదు. వైకుంఠం చిత్రాలలోని స్త్రీలను పరిశీలించి చూస్తే ఆ రంగస్థలం గుర్తుకు రాక మానదు. వాళ్ళు పనిపాటల మధ్య హఠాత్తుగా కనబడినట్లు వుండరు. అలంకరించుకుని, నిలబడి, చూడమన్నట్లు వుంటారు.

హైదరాబాదు మీదుగా బరోడాకు

హైదరాబాదులోని ఫైన్ ఆర్ట్స్ అండ్ ఆర్కిటెక్చర్ కాలేజీలో వైకుంఠం చిత్రకళ చదువుకున్నారు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ వద్ద నేర్చుకుని వచ్చిన కొండపల్లి శేషగిరిరావు వంటి పెద్దలు ఆ కాలేజీలో పనిచేసినవారే. అయినా ఆనాటి చిత్రకళాశాలల్లో చదువు చాలావరకు పాశ్చాత్య పద్ధతిలోనే సాగేది. వెలుగునీడలు, శరీర నిర్మాణం, తైలవర్ణాలు నేర్పేవారు. చెయ్యి తిరగడానికి ఆ చదువు అవసరమే. కాని నేర్చుకున్న చేత్తో ఏం గీయాలన్న ప్రశ్నకు జవాబు అందులో దొరకదు. ఆ తరంలో చాలామంది ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోయారు. కొందరు విదేశాల శైలులను పట్టుకున్నారు, కొందరు పాఠాలు చెప్పుకుంటూ బొమ్మలు మానేశారు.

1971లో ఆంధ్రప్రదేశ్ లలితకళా అకాడమీ ఉపకార వేతనంతో వైకుంఠం బరోడా వెళ్ళారు. అక్కడి మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయంలో ఆయనకు గురువు కె.జి. సుబ్రమణ్యన్. కేరళలో పుట్టిన సుబ్రమణ్యన్ క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు వెళ్ళి, తరువాత శాంతినికేతన్ చేరి నందలాల్ బోస్ వంటివారి శిష్యులైన వ్యక్తి. చిత్రకారుడు గొప్ప, బొమ్మలు చేసే కుమ్మరి తక్కువ అన్న భేదాన్ని ఆయన ఒప్పుకునేవారు కాదు. మట్టిపలకలు, చెక్క ఆటబొమ్మలు, నేత, గోడ బొమ్మలు అన్నింటిలోనూ తానే చెయ్యి పెట్టి చేసేవారు. పల్లెటూరి పనివాడు కొద్దిపాటి గీతలతో ఒక ఎద్దునో ఏనుగునో ఎలా తేగలుగుతున్నాడో చూడమనేవారు.

మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన కె. లక్ష్మాగౌడ్ కూడా అంతకు కొన్నేళ్ళ ముందు ఇదే గురువు వద్ద చదివినవారు. తరువాత ఆయన తన ఊరి మనుషులను, మేకలను, చెట్టుచేమలను లోహపు రేకులపై గీసి అచ్చులు తీశారు. 2016లో పద్మశ్రీ అందుకున్నారు. తెలంగాణా పల్లె నుంచి వెళ్ళిన ఇద్దరు కుర్రవాళ్ళు పశ్చిమాన ఎక్కడో వున్న బరోడాలో చదువుకుని తమ ఊళ్ళనే కొత్తగా చూడడం నేర్చుకున్నారన్నది గమనార్హం. దూరం వెళ్ళినందువల్లనే దగ్గరది కనబడిందనుకోవాలి.

ఈ తోవ అంతకు ముందే ఒకరు తొక్కినదే. కలకత్తా చిత్రకళాశాలలో పాశ్చాత్య పద్ధతి నేర్చి, పెద్దల ముఖచిత్రాలు గీసి పేరు తెచ్చుకున్న జామినీ రాయ్ 1920లలో ఆ పద్ధతిని పక్కన పెట్టి బెంగాల్ పల్లె పటాల వైపు తిరిగారు. రంగులు తగ్గించారు, గీత లావు చేశారు. ఆనాటికి అది సాహసమే. తరువాతి వారికి తోవ సులువయింది.

బొగ్గు గీతల నుంచి ఎర్ర రంగుకు

బరోడా నుంచి తిరిగివచ్చిన వెంటనే వైకుంఠానికి పేరు రాలేదు. హైదరాబాదులో పిల్లలకు చిత్రలేఖనం నేర్పుతూ జీవనం గడిపారు. తన బొమ్మలు మొదట బొగ్గుతోను, పెన్సిలుతోను సాగాయి. లావుపాటి దేహాలు, బరువైన నడుములు, నల్లటి గీతలు. అందం కోసం గీసినవి కావవి. పల్లె స్త్రీ దేహంలో వున్న బరువును, బలాన్ని పట్టుకోవాలన్న ప్రయత్నం వాటిలో కనిపిస్తుంది. రంగులు విజృంభించి వచ్చినది ఆ తరువాతనే. అప్పటికి ఆయన నలభైల్లో వున్నారు.

ఆ రంగులు కొన్నే. కుంకుమ ఎరుపు, పసుపు, కాషాయం, నారింజ, ఆకుపచ్చ, నలుపు. ఒకదానిలో ఒకటి కలిపి నీరసపరచిన రంగులు ఆయనకు నచ్చవు. ప్రకృతిలో కనిపించే ముదురు రంగులనే ఇష్టపడతానని ఆయన చెప్పేవారు. దేహాలు చామనఛాయ దాటి నల్లగా వుంటాయి. ఆ నలుపు మీద ఎర్రబొట్టు, ముక్కుపుడక, కమ్మలు, కంటె, చేతినిండా గాజులు మెరుస్తాయి. చీర అంచులు వెడల్పు. ఒక్కొక్క అంచులో నేతపనివాడు వేసినంత ఓపికగా గళ్ళు, చారలు, బుటాలు వేస్తారు. తరచు ముఖం పక్కవాటుగా వుంటుంది. కన్ను పెద్దది. చేతిమీద ఒక చిలుకో, పక్కన ఒక చెలికత్తో వుంటుంది. మగవాళ్ళయితే నామాలు, పిలక, పంచె, భుజంమీద ఉత్తరీయం. వెనుక ఇల్లు వుండదు, చెట్టు వుండదు, ఆకాశం వుండదు. ఒకే రంగు పూసిన వట్టి గోడ వంటి నేపథ్యం మాత్రమే వుంటుంది.

వెనుక ఏమీ లేకపోవడంలోనే ఆయన నేర్పు వుందనాలి. పల్లెను చూపించడానికి పూరిల్లు, బావి, తాడిచెట్టు అక్కరలేదని ఆయన తేల్చారు. మనిషి నిలబడిన తీరులోనే పల్లె వుంది. చీర కట్టులో వుంది. బొట్టు పెట్టుకునే చోటులో వుంది. ఇంకేదీ లేకుండానే చూసినవాడికి ఇది ఏ సీమ బొమ్మో తెలిసిపోతుంది.

'దాసి'లో ఇంకొక ముఖం

వైకుంఠం పేరు చెప్పినప్పుడు 1988 నాటి 'దాసి' చిత్రాన్ని మరువరాదు. బి. నరసింగరావు దర్శకత్వం వహించిన ఆ చిత్రం నిజాం కాలపు తెలంగాణా గడిలో దాసీగా బతికే యువతి కథ. ఆ చిత్రానికి కళాదర్శకత్వం వహించినది వైకుంఠమే. 36వ జాతీయ చలనచిత్ర బహుమతులలో ఆ చిత్రానికి ఐదు వచ్చాయి. ఉత్తమ తెలుగు చిత్రం, ఉత్తమ నటిగా అర్చన, ఛాయాగ్రహణం, దుస్తుల రూపకల్పన, వీటితోపాటు ఉత్తమ కళాదర్శకత్వం.

బొమ్మలలో ఆయన చూపినది అలంకరించుకుని నిలబడిన స్త్రీ. దాసిలో చూపవలసి వచ్చినది తన దేహం మీద తనకే హక్కు లేని స్త్రీ. కోక అదే, కడియాలవే, గోడలవే. కాని అక్కడ గడి అరుగు మీద దొర కూర్చుని వుంటాడు. చీకటి గదులు, పొడుగాటి వసారాలు, మాట పెగలని మధ్యాహ్నాలు. పల్లె అందాన్ని అంతగా ప్రేమించిన కన్నే పల్లెలోని దాస్యాన్ని కూడా చూడగలిగిందనడానికి ఆ చిత్రమే సాక్ష్యం.

విమర్శకూ చోటుంది

వైకుంఠం చిత్రాలపై విమర్శ లేకపోలేదు. ఆ స్త్రీలు ఎప్పుడూ తీరికగానే వుంటారు, నాట్లు వేసేవారు, బీడీలు చుట్టేవారు, రాళ్ళు కొట్టేవారు ఏరి అన్న ప్రశ్న రాక మానదు. ఒకే ముఖం పదేపదే తిరిగి వస్తున్నదన్న మాట కూడా వున్నది. పేరు పెరిగిన కొద్దీ ఆ బొమ్మల అచ్చులు, అనుకరణలు విరివిగా వెలువడ్డాయి. పెద్ద బొట్టు, చిలుక, ఎర్రచీర వుంటే చాలు తెలంగాణా బొమ్మ అయిపోతుందనుకునే వారు బయలుదేరారు. హోటళ్ళ హాళ్ళలోను, పెళ్ళి శుభలేఖల మీద కూడా ఆ తరహా బొమ్మలు కనిపిస్తాయి.

ఈ విమర్శలో కొంత న్యాయం వుంది. బొగ్గు గీతలలో వున్న కరుకుదనం రంగులలో కొంత తగ్గిన మాట నిజం. అయితే అనుకరించేవారికి, ఆయనకు తేడా ఎక్కడుందో గుర్తించాలి. ఆయన ఆ బొట్టును అమ్మ ముఖాన చూసి గీశారు. అనుకరించేవారు దాన్ని ఆయన బొమ్మలో చూసి గీస్తున్నారు. సంప్రదాయం పేరిట గీసే ప్రతి చిత్రానికీ ఈ పరీక్ష పెట్టవచ్చు. చూసి గీసినదా, బొమ్మను చూసి గీసినదా? ఈ ప్రాంతపు యువకులు వైకుంఠాన్ని గౌరవించదలిస్తే చేయవలసినది తెలంగాణా స్త్రీని గీయడం కాదు. తమ ఊరి మనుషులను చూడడం మొదలుపెట్టడం.

సీమకు ఈ గీత కొత్త కాదు

పక్కవాటు ముఖం, పెద్ద కన్ను, వెడల్పు అంచు, వెనుక వట్టి రంగు. ఈ నాలుగు లక్షణాలు చెబితే రాయలసీమ వాళ్ళకు ముందుగా గుర్తుకు రావలసింది లేపాక్షి. ప్రస్తుతం శ్రీ సత్యసాయి జిల్లాలో వున్న లేపాక్షి వీరభద్రాలయాన్ని 16వ శతాబ్దంలో, విజయనగర ప్రభువు అచ్యుతరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించారు. మండపాల పైకప్పుల నిండా చిత్రాలే. పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం, ఆవుకు న్యాయం చెప్పిన చోళరాజు కథ అక్కడ కనిపిస్తాయి. వరుసగా నిలబడిన స్త్రీల చీరల మీద ఒకదానిలో వున్న అద్దకం మరొకదానిలో లేదు. కావి ఎరుపు, పసుపు, నలుపు, తెలుపు వంటి కొద్ది రంగులతోనే ఆ సంబరమంతా తెచ్చారు. ఆలయానికి కొద్ది దూరంలో వున్న ఏకశిలా నందిని చూసి వచ్చేవారు లక్షలు. తల పైకెత్తి ఆ చిత్రాలను తీరికగా చూసేవారు అందులో ఎందరో చెప్పలేము.

అదే జిల్లాలోని నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలున్నాయి. తోలును పలుచగా గీకి, రంగులు వేసి, వెలుగు దూరడానికి చిన్న చిన్న చిల్లులు పొడుస్తారు. తెర వెనుక దీపం పెట్టినప్పుడు ఆ రంగులు అద్దంలో నుంచి వచ్చినట్లు వెలుగుతాయి. అక్కడా ముఖం పక్కవాటే, కన్ను పెద్దదే. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ లభించింది.

శ్రీకాళహస్తి కలంకారీ సంగతి చెప్పనక్కరలేదు. గుడ్డను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీటిలో నానబెట్టి ఆరవేస్తారు. వెదురు పుల్లకు ఉన్నిగుడ్డ చుట్టి దారం కట్టిన కలంతో గీస్తారు. పాత ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి పులియబెట్టిన నీళ్ళు ఆ గుడ్డమీద పడగానే నల్లని గీతగా మారుతాయి. ఎర్రరంగు నిలవాలంటే ముందు పటిక పూయాలి. ఒక్కొక్క రంగుకు ఒకసారి ఉతకాలి, పారే నీరు కావాలి. స్వర్ణముఖి ఒడ్డున ఈ పని నిలవడానికి అదొక కారణం. ఇరవయ్యో శతాబ్దం మధ్యకు ఈ కళ దాదాపు అంతరించే స్థితికి వచ్చింది. 1950ల చివరలో కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం ఏర్పడింది. మిగిలివున్న కొద్దిమంది పనివారే గురువులయ్యారు. అక్కడి నుంచి వచ్చిన జొన్నలగడ్డ గుర్రప్పశెట్టి 2008లో పద్మశ్రీ అందుకున్నారు. ఒక చిన్న కేంద్రం, నేర్పగల ఒకరిద్దరు, నేర్చుకునే కొద్దిమంది పిల్లలు. కళ నిలవడానికి అంతకుమించి కావలసి రాలేదు.

తెలంగాణా చేర్యాలలోని నకాషీలు ఎర్రటి నేపథ్యంపై కులపురాణాల పటాలు గీసినట్లే, సీమకు కూడా తనదైన గీత వుందని ఈ మూడూ రుజువు చేస్తున్నాయి. గీత లేక కాదు, ఆ గీతను నేటి బతుకు మీదికి మళ్ళించే ప్రయత్నం తక్కువ.

నందుల నడుమ చూడదగినవి

మహానంది చుట్టుపక్కల విషయమే తీసుకుంటే నవనందులున్నాయి. ప్రథమనంది, నాగనంది, సోమనంది, సూర్యనంది, శివనంది, విష్ణునంది, గరుడనంది, వినాయకనంది, మహానంది. నంద్యాల పేరే నంది నుంచి వచ్చిందంటారు. మహానంది గర్భాలయ శిఖరం మన ప్రాంతంలో సాధారణంగా కనిపించే గోపురాల వంటిది కాదు. బాదామి చాళుక్యుల నాటి ఉత్తరాది పద్ధతి అందులో కనిపిస్తుంది. ఏడాది పొడుగునా ఊరే కోనేటి నీరు అడుగున పడిన నాణెం కనిపించేంత తేటగా వుంటుంది. అదే నీరు గుడి దాటి అరటితోటలకు, వరిమళ్ళకు పారుతుంది. దేవుడి తీర్థం, రైతు సాగునీరు ఒకటే అయిన చోటు ఇది. చిత్రకారుడికి ఇంతకన్న పెద్ద వస్తువు ఎక్కడ దొరుకుతుంది?

రాతి నంది ఒక్కటే కాదు, బతికిన నంది కూడా ఇక్కడ వుంది. పండుగనాడు ఎద్దుల కొమ్ములకు రంగులు వేయడం, మెడలో గంటలు, నుదుట కుచ్చులు కట్టడం, మూపురం మీద గుడ్డ కప్పడం ఈ ప్రాంతపు రైతుకు తెలిసిన చిత్రకళే. బండలాగుడు పోటీలకు వచ్చే ఒంగోలు జాతి ఎద్దులను అలంకరించే తీరు చూస్తే రంగు పట్ల సీమ మనిషికి ఎంత మోజో తెలుస్తుంది. ట్రాక్టర్లు వచ్చిన తరువాత ఏటేటా ఆ జతలు తగ్గిపోతున్నాయి. ఎద్దు పోతే కొమ్ము రంగు పోతుంది, ఆ రంగు వేసే చెయ్యి పోతుంది. ఇప్పుడు గీసి పెట్టకపోతే రేపు ఎవరినో అడిగి గీయవలసి వస్తుంది.

ముగ్గు మాటా అంతే. చుక్కలు లెక్క తప్పకుండా పెట్టి, వాటి చుట్టూ గీత తెగకుండా తిప్పడం ఏ కాలేజీలోనూ నేర్పని విద్య. తల్లి నుంచి కూతురికి వచ్చినది. సీమ స్త్రీలలో చిత్రకళ లేదనేవారు తెల్లవారుజామున ఏ వాకిలి ముందు నిలబడినా చాలు.

ఆళ్ళగడ్డలో ఉలి చప్పుడు ఎలాగూ వుంది. అక్కడి శిల్పులు చెక్కిన విగ్రహాలు ఎన్నో ఊళ్ళ గుళ్ళకు వెళ్ళాయి. ఆళ్ళగడ్డ రాతిశిల్పానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. శిల్పి రాయిమీద ఉలి పెట్టడానికి ముందు చేసే పని గీయడమేనని చాలామందికి తోచదు. ముఖం పొడవును కొలతగా తీసుకుని దేహాన్ని తాళాలుగా విభజించి, నడిమి గీత వేసి, భుజం ఎక్కడ, నాభి ఎక్కడ, మోకాలు ఎక్కడ అన్నది ముందు గుర్తు పెట్టుకుంటాడు. ఆ లెక్క తప్పితే ఎంత నునుపు చేసినా విగ్రహం నిలవదు. చిత్రకళాశాలకు వెళ్ళదలచిన కుర్రవాడికి మొదటి పాఠం ఆళ్ళగడ్డ బస్టాండు నుంచి నడిచిపోయేంత దూరంలోనే దొరుకుతుంది.

కాళీఘాట్ నేర్పే పాఠం

గుడి అంగడి నుంచి కళ పుట్టిన ఉదాహరణ చరిత్రలో వుంది. 19వ శతాబ్దంలో కలకత్తా కాళీఘాట్ ఆలయం దగ్గర పటాలు గీసే పటువాలు చేరారు. యాత్రికుల చేతికి అందే ధరలో, మిల్లు కాగితం మీద, నాలుగు కుంచె విసురులతో అమ్మవారిని, శివుణ్ణి గీసి అమ్మేవారు. క్రమంగా దేవుళ్ళతో ఆగకుండా పట్నపు బాబులను, వాళ్ళ డాబుసరిని, 1873లో బెంగాల్‌ను ఊపివేసిన తారకేశ్వర్ హత్య కేసును కూడా బొమ్మ కట్టారు. తరువాత చవకైన అచ్చు పటాలు వచ్చి పడ్డాయి. చేత్తో గీసిన పటం అచ్చు పటంతో ధరలో పోటీ పడలేకపోయింది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాలకే ఆ అంగళ్ళు మూతపడ్డాయి. కాని ఆ గీతను జామినీ రాయ్ వంటివారు అందుకోగలిగారు. పటువాల బొమ్మలు ఈనాడు లండన్ మ్యూజియంలో కూడా వున్నాయి.

మహానంది వంటి క్షేత్రానికి ఇందులో నేర్చుకోవలసింది వుంది. ఏటా లక్షలాది జనం వచ్చే చోట, ఈ ప్రాంతపు చేతితో గీసిన ఒక నంది పటం, ఒక కోనేటి బొమ్మ కొనడానికి దొరికితే కొనేవారుండరా? అచ్చు పటంతో ధరలో పోటీ పడడం కష్టమే. కాని తమ ఊరికి తీసుకువెళ్ళడానికి ఈ ఊరిదే అయిన వస్తువు కోరే యాత్రికులు ఎక్కడైనా వుంటారు. తిరుణాళ్ళ రోజులలో ఒక చిన్న పందిరి వేసి, నంద్యాల, ఆళ్ళగడ్డ, మహానంది ప్రాంతపు పాఠశాలల పిల్లలు గీసిన బొమ్మలను ప్రదర్శనకు పెట్టడానికి పెద్ద ఖర్చు కాదు. ఆళ్ళగడ్డ శిల్పి ఒకరిని పిలిపించి తాళమానం లెక్క పిల్లలకు చూపించవచ్చు. డ్రాయింగు మాస్టారున్న బడులు పిల్లలను ఏడాదికొకసారి లేపాక్షికి తీసుకువెళ్ళి పైకప్పు కింద గంటసేపు కూర్చోబెట్టినా అది వృథా పోదు. ముగ్గుల పోటీలకు ఇచ్చే బహుమతిలో సగమైనా బొమ్మల పోటీకి ఇస్తే కుర్రవాళ్ళు ఉత్సాహపడతారు. దేవస్థానం వారు, విద్యాశాఖ వారు, ఊరి పెద్దలు కలిస్తే అయ్యే పనులే ఇవి.

వైకుంఠానికి తన దారి దొరకడానికి హైదరాబాదు, బరోడా తిరిగి నలభై ఏళ్ళు దాటవలసి వచ్చింది. ఆయన తిరిగి వచ్చేసరికి చిన్ననాడు చూసిన నాటక సమాజాలు చాలావరకు కనుమరుగయ్యాయి. జ్ఞాపకం గట్టిది కనుక గీయగలిగారు. ఇక్కడి పిల్లలకు ఆ నష్టం లేదు. తోలుబొమ్మ ఇంకా ఆడుతున్నది, ఆళ్ళగడ్డలో ఉలి మోగుతున్నది, కొమ్ముల రంగు ఇంకా పూర్తిగా వెలిసిపోలేదు. వచ్చే శివరాత్రికి కోనేటి గట్టున ఒక పిల్ల కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చుంటే, పక్కకు జరగమని కసరకుండా కాస్త చోటివ్వడం పెద్దలు చేయగల మొదటి సాయం.